ఒంటికి వాచ్యార్థమే కావాలి

తెలుగులో నాకు బొత్తిగా గిట్టని మాట ఒకటుంది. బూతు కాదు. 'పర్లేదు.'

హైదరాబాద్‌లో ఏ మసాజ్ సెంటర్‌లోనైనా ఈ దృశ్యం మామూలే. వారమంతా లాప్‌టాప్ ముందు కూర్చుని భుజాలు రాళ్ళైపోయిన మనిషి, వేలు పోసి, బల్ల మీద బోర్లా పడుకుంటాడు. కాసేపటికి "ప్రెషర్ ఓకేనా సార్?" అని అడుగుతారు. అవతల మోచెయ్యి వెన్నెముక పక్కన గుచ్చుకుంటూ ఉంటుంది. పళ్ళు బిగబట్టి "పర్లేదు" అంటాడు. లేదంటే ఆ చెయ్యి ఈగ వాలినట్టు వాలి వెళ్ళిపోతూ ఉంటుంది. దానికీ పర్లేదే. ఏసీకి వణుకు పుడుతున్నా, నూనె వాసనకి తల తిరుగుతున్నా, మోకాలికి పాత దెబ్బ ఉన్నా పర్లేదు. బయటికొచ్చాక ఫ్రెండ్‌కి ఫోన్ చేసి "వేస్ట్ రా, డబ్బులు దండగ" అంటాడు. ఇంటికెళ్ళి ఒక స్టార్ ఇస్తాడు. గంటసేపు జానెడు దూరంలో ఉన్న మనిషికి చెప్పని మాట, ముక్కూ మొహం తెలియని లోకమంతటికీ చెప్తాడు.

పర్వా అంటే పట్టింపు, చింత. పారశీకం నుంచి ఉర్దూ మీదుగా మనకొచ్చిన మాట. 'పర్వా లేదు' అంటే చింత లేదని అర్థం. ఇప్పుడు దానికి ఏ అర్థమైనా ఉంది, అంటే ఏ అర్థమూ లేదు. ఔను, కాదు, చాలు, ఇంకా కావాలి, చచ్చిపోతున్నా, నన్నొదిలెయ్ - అన్నీ అదే. మా పనిలో ఒక రకం కోడ్ ఉంటుంది. లోపల ఎర్రర్ వస్తే పట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, లాగ్‌లో ఒక్క ముక్క రాయకుండా మింగేస్తుంది. పైకి అంతా పచ్చగా ఉంటుంది. మూడు నెలల తర్వాత డేటా అంతా పాడైందని ఎవరో కనుక్కుంటారు. రివ్యూలో అలాంటి కోడ్ కనబడితే ఎవరూ ఒప్పుకోరు. మనుషుల్లో అదే కనబడితే మాత్రం 'ఎంత ఓర్పో!' అంటాం.

ఆ కోడ్ రివ్యూ చేసిన నోళ్ళే పొద్దున్నే స్టాండప్ మీటింగ్‌లో "నో బ్లాకర్స్" అంటాయి. అది 'పర్లేదు'కి కార్పొరేట్ అనువాదం.

ఎప్పుడైనా నోరు విప్పినా, ఎలా విప్పుతామో గమనించండి. "కొంచెం నొప్పిగా ఉన్నట్టుంది." నొప్పి నీదే, ఒళ్ళు నీదే. మళ్ళీ ఈ 'ఉన్నట్టుంది' ఏమిటి? పక్కింట్లో ఏదో చప్పుడైనట్టుంది అన్నట్టు సొంత భుజం గురించి ఊహాగానం చేస్తాం. 'నాకు నొప్పిగా ఉంది' అనే మూడు ముక్కల వాక్యంలో మొదటి ముక్క 'నాకు' ముందే ఎగిరిపోతుంది, చివరి 'ఉంది'కి ఒక తోక తగులుతుంది. అలా యజమాని లేని నొప్పి ఒకటి గదిలో తిరుగుతూ ఉంటుంది. దాన్ని అవతలివాళ్ళే పట్టుకోవాలి.

నా వాదన ఇదీ: శరీరం విషయంలో మనం రెండే భాషలు నేర్చుకున్నాం. ఒకటి ఆజ్ఞ, రెండోది మౌనం. సమానుడైన మనిషిని 'నాకు ఇది కావాలి, ఇది వద్దు' అని మామూలు గొంతుతో అడిగే మూడో భాష మనకి రాలేదు. అది రాకపోవడాన్ని సిగ్గనీ సంస్కారమనీ పిలుచుకుని, సాహిత్యంలో కూడా దానికి పీట వేశాం.

*

షాంపూ అనే మాట ఎక్కడ పుట్టిందో మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. హిందీ 'చాంపో' నుంచి. అది ఆజ్ఞార్థకం: 'ఒత్తు!' పాట్నాలో పుట్టిన షేక్ దీన్ మహమ్మద్ 1814లో ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆవిరి స్నానాల ఇల్లు తెరిచి, ఒళ్ళు పట్టడాన్ని ఇంగ్లీషువాళ్ళకి అలవాటు చేశాడు. తర్వాత నాలుగో జార్జి రాజుకి 'షాంపూయింగ్ సర్జన్' అయ్యాడు. మాలీషు కాస్తా తల రుద్దుకోవడంగా, ఆ తర్వాత సీసాలో సబ్బునీళ్ళుగా మారింది. కానీ వేరు దగ్గర ఉన్నది ఒక మనిషి పడుకుని ఇంకో మనిషికి వేసిన ఆర్డరు.

తెలుగులో కూడా అంతే. 'కాళ్ళు పట్టడం' అంటే ఒత్తడం. 'కాళ్ళు పట్టుకోవడం' అంటే బతిమాలుకోవడం. రెంటికీ మధ్య ఉన్నది ఒక్క 'కో'. ఒకరి కాళ్ళ దగ్గర ఇంకొకరు కూర్చుంటే అది సేవో, వేడికోలో అయి ఉండాలి తప్ప, ఇద్దరు మనుషుల మధ్య జరిగే మామూలు పని అయ్యే వీలు భాషలోనే పెద్దగా లేదు.

మా నాన్న వైపు ఊరు గుంటూరు జిల్లా కాకుమాను మండలంలో ఉంది. నల్లరేగడి, శనగ, పత్తి, మిరప. మిరప కోతలప్పుడు రోజంతా నడుము వంచినవాళ్ళ ఒళ్ళు సాయంత్రానికి ఎలా ఉంటుందో ఆ ఊళ్ళలో అందరికీ తెలుసు. మరి ఎవరి ఒళ్ళు ఎవరు పట్టేవాళ్ళు? ఆసామి అరుగు మీద నులకమంచం వేసుకుని పడుకుంటే పాలేరు కాళ్ళు ఒత్తేవాడు. అత్తగారికి కోడలు, మొగుడికి పెళ్ళాం. తలకి నూనె పెట్టి, మెడ 'టక్'మనిపించి, వేళ్ళు విరిచేది మంగలి. బాలింతకీ పసిబిడ్డకీ నూనె రాసి నలుగు పెట్టేది మంత్రసానో, చాకలామెనో. పడుకున్నవాళ్ళకి నోరుంది: "గట్టిగా ఒత్తరా, అన్నం తిన్లేదా?" ఒత్తేవాళ్ళకి లేదు. పొద్దున్నుంచీ మిరపకాయలు కోసిన చేతులే ఆ కాళ్ళు ఒత్తుతున్నాయని, ఆ బొటనవేళ్ళకీ నొప్పి ఉంటుందని చెప్పడానికి వాక్యం లేదు.

ఆ అరుగు మీది మనవళ్ళం ఇప్పుడు హైదరాబాద్‌లో బల్లల మీద పడుకుంటున్నాం. తాత వాడిన ఆజ్ఞ మనకి సిగ్గనిపిస్తోంది. మంచిదే, సిగ్గనిపించాలి. కానీ ఆజ్ఞ వదిలేశాక చేతిలో మిగిలింది రెండోదే, మౌనం. అందుకని నొప్పి మింగుతాం. కొందరికి ఆ సిగ్గు కూడా ఉండదు. వాళ్ళు అదే ఆజ్ఞని 'కస్టమర్‌ని' అనే కొత్త చొక్కా తొడిగి బయటికి తీస్తారు. అక్కడ పనిచేసే ఆడవాళ్ళు ఎలాంటి మాటలు, ఎలాంటి చేతులు భరించాల్సొస్తుందో చెప్పనక్కర్లేదు. పనిచేసేచోట లైంగిక వేధింపుల మీద వచ్చిన 2013 చట్టం, అక్కడికొచ్చే బయటివాళ్ళ నుంచి కూడా ఉద్యోగినికి రక్షణ కల్పించే బాధ్యత యజమానిదే అంటుంది. 'కస్టమర్ దేవుడు' అని బోర్డు పెట్టినవాళ్ళలో ఎంతమంది ఈ సంగతి తమ దగ్గర పనిచేసేవాళ్ళకి చెప్పారో అడిగి చూడండి.

*

మౌనం మనకి పుట్టుకతో రాలేదు. నేర్పారు. మొదటి పాఠం కూడా మసాజే.

పసిబిడ్డకి నూనె రాయడం మంచి పనే. చర్మానికీ మంచిది, తల్లికీ బిడ్డకీ మధ్య చెయ్యి అలవాటవుతుంది. కానీ మన ఇళ్ళలో జరిగేది అక్కడితో ఆగదు. ముక్కు సూదిగా రావాలని నొక్కుతారు, తల గుండ్రంగా రావాలని ఒత్తుతారు. ముక్కులో, చెవిలో నూనె చుక్కలు వేస్తారు. వద్దని పిల్లల డాక్టర్లు ఎప్పట్నుంచో మొత్తుకుంటున్నారు. బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. దాని దగ్గరున్న ఒకే ఒక్క వాక్యం అది. పెద్దవాళ్ళు ఏమంటారు? "ఏడవనీ, ఊపిరితిత్తులు గట్టిపడతాయి." నీ 'వద్దు'ని మేం 'మంచిదే' అని చదువుకుంటాం అని మనిషికి మొట్టమొదట తెలిసేది ఆ కాళ్ళ మీదే.

రెండో పాఠం విస్తరి దగ్గర. "చాలండీ" అంటాం. గరిటె ఆగదు. విస్తరికి చెయ్యి అడ్డం పెడతాం. వేళ్ళ సందులోంచి పప్పు పడుతుంది. ఒక్కసారి చాలంటే మొహమాటం, రెండుసార్లు చాలంటే మర్యాద, మూడోసారి చెయ్యి అడ్డం పెడితే అప్పుడు బహుశా నిజం. మా గుంటూరు వైపు కొసరి వడ్డించడం గొప్ప. నేనూ దాన్ని ప్రేమగానే గుర్తుపెట్టుకుంటాను. కానీ దాని వెనక ఉన్న వ్యాకరణం చూడండి. నువ్వన్న మాటకి విలువ లేదు, నీ మనసులో ఏముందో నాకే తెలుసు. ఈ వ్యాకరణం విస్తరి దాటి బయటికి రాకుండా ఉంటే గొడవే లేదు.

అది దాటింది. ఆడవాళ్ళు అనే మాటకి వేరే అర్థం వెతుక్కోవాలని మన సినిమా పాట 1955లో 'మిస్సమ్మ' నుంచీ చెప్తోంది. తెనాలి చక్రపాణి స్క్రిప్టు, పింగళి పాట. ఆ సినిమాలో అది ఒట్టి సరదా. హాయిగా నవ్వుకుంటాం, నేనూ నవ్వుకుంటాను. 2007లో ఆ పల్లవే ఇంకో సినిమాకి పేరైంది. మధ్యలో యాభై ఏళ్ళపాటు హీరో వెంటబడ్డాడు, హీరోయిన్ వద్దంది, చివరికి ఔనంది. ఎవరి నోటి మాటకి వాచ్యార్థం ఉండదని తేల్చేశామో వాళ్ళ ఒంటి మీద ఎవరికైనా హక్కు వచ్చేస్తుంది. శరీరంలో ఒక్కో భాగాన్ని తీసుకుని దాని మీద ఎవరి పెత్తనం నడుస్తోందో చూపించిన 'రాజకీయ కథలు'లో వోల్గా ఒక కథకి 'నోర్ముయ్' అని పేరు పెట్టింది ఊరికే కాదు.

మూడో పాఠం ఆస్పత్రిలో. పురిటి గదిలో అరిచిన ఆడమనిషిని ఎలా కసురుతారో ఆ గది బయట కూర్చున్నవాళ్ళందరూ విన్నారు. "ఓర్చుకోవాలమ్మా" అనేది కాస్త మర్యాద తెలిసినవాళ్ళ మాట. కాన్పుకి వచ్చిన మనిషికి తనకిష్టమైన తోడు ఉండాలని, జరిగేది ఆమెకి అర్థమయ్యేలా చెప్పి చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో సిఫార్సుల రూపంలో రాయాల్సొచ్చింది. ఒక మనిషి నొప్పి గురించి ఆ మనిషినే అడగాలి అనేది రాసి పెడితే తప్ప గుర్తురాని విషయమైంది.

*

ఇక్కడ మన సాహిత్యం వాళ్ళతో నాకో తగాదా ఉంది.

తొమ్మిదో శతాబ్దంలో కాశ్మీరంలో ఆనందవర్ధనుడు 'ధ్వన్యాలోకం' రాశాడు. మాట పైకి చెప్పే అర్థం వాచ్యం. చెప్పకుండా స్ఫురింపజేసేది వ్యంగ్యం. ఉత్తమ కావ్యానికి ఆత్మ ధ్వనే అన్నాడు. కావ్యం వరకూ ఆయనతో నాకు పేచీ లేదు. కథలో అంతా విడమర్చి చెప్పేస్తే నేనూ పక్కన పడేస్తాను. మనం చేసిన పొరపాటు ఏమిటంటే, ఆ సూత్రాన్ని పుస్తకంలోంచి పడగ్గదిలోకీ, వంటింట్లోకీ, పురిటి గదిలోకీ మోసుకెళ్ళడం. చెప్పకుండా అర్థం చేసుకునేదే ప్రేమ. అడిగి చేయించుకుంటే అది ప్రేమెలా అవుతుంది? మన కథల మీద వచ్చే సమీక్షల్లో ఎన్నిసార్లు చదివాం: ఆమె మౌనంగా భరించింది, ఆమె కళ్ళే మాట్లాడాయి, ఆమె మౌనంలో ఎంత గాఢత! కళ్ళెందుకు మాట్లాడాలి, నోరుండగా? ఆ గాఢత పాఠకుడికి. నడుంనొప్పి ఆమెకి.

ఒంటికి ధ్వని తెలీదు. కండరం రసజ్ఞుడు కాదు. ఊపిరి బిగబట్టేంత నొప్పి పుట్టేలా నొక్కితే, తనని తాను కాపాడుకోడానికి అది ఇంకా బిగుసుకుంటుంది. వదులవ్వడానికి వెళ్ళినవాడు బిగుసుకుని బయటికొస్తాడు. 'నొప్పి పుడితేనే పనిచేసినట్టు' అనేది మన తాతల నాటి మూఢనమ్మకం. ఒత్తుతున్నవాళ్ళ చేతికి కొంత తెలుస్తుంది, నిజమే. కానీ లోపల నరం జివ్వుమంటోందా, తిమ్మిరెక్కుతోందా అనేది చేతికి తెలీదు. ఆ సమాచారం ప్రపంచంలో ఒక్కచోటే ఉంది. ఆ ఒక్కచోటు 'పర్లేదు' అంటే ఇంక చేసేదేం లేదు.

ఇది భుజం నొప్పితో పోయే వ్యవహారం కూడా కాదు. బార్బర్ షాపులో మెడని ఒక్కసారిగా తిప్పి 'టక్'మనిపిస్తారే, అలా హఠాత్తుగా తిప్పినప్పుడు మెడలోంచి మెదడుకి వెళ్ళే రక్తనాళం చిరిగి స్ట్రోక్ వచ్చే ప్రమాదం ఉంది. తిప్పకపోయినా, మెడని సింక్ అంచు మీద బాగా వెనక్కి వంచి ఎక్కువసేపు ఉంచినా ప్రమాదమే. 2022లో హైదరాబాద్‌లో ఒక యాభై ఏళ్ళ ఆవిడకి బ్యూటీ పార్లర్లో తల కడిగించుకుంటుండగా కళ్ళు తిరిగి వాంతులయ్యాయని, తీరా చూస్తే అది స్ట్రోక్ అని న్యూరాలజిస్ట్ డాక్టర్ సుధీర్ కుమార్ బయటికి చెప్పారు. చెప్పి ఉంటే తప్పేది అని నేను అనట్లేదు. అది మనకి తెలీదు, ఆవిడ మీద నెట్టడం అన్యాయం. నేననేది ఇంతే: "మెడ తిప్పొద్దు", "మెడ కింద టవల్ పెట్టండి" అనేవి గొంతెమ్మ కోరికలు కావు. అవి వైద్యపరంగా అవసరమైన వాక్యాలు. వాటిని అనడానికి మొహమాటపడే సంస్కారం మనకెందుకు?

*

దీనికి ఒక జవాబు ఎప్పుడూ వినిపిస్తుంది. "మనవాళ్ళు అంతే అండీ, సిగ్గరి జాతి. తెల్లవాళ్ళలాగా మొహమ్మీద చెప్పడం మనకి రాదు."

అబద్ధం. కాకుమాను పక్క మండలం పెదనందిపాడు. 1921 చివర్లో, 1922 మొదట్లో ఆ ఫిర్కా రైతులు పర్వతనేని వీరయ్యచౌదరి నాయకత్వంలో ఇంగ్లీషు ప్రభుత్వానికి పన్ను కట్టేది లేదన్నారు. కరణాలూ మునసబులూ మూకుమ్మడిగా రాజీనామాలు చేశారు. సైన్యం వచ్చి ఊళ్ళలో తిరిగినా, ఆస్తులు జప్తు చేసినా లొంగలేదు. చౌరీచౌరా తర్వాత గాంధీ ఉద్యమం ఆపేదాకా అదే మాట మీద నిలబడ్డారు. సామ్రాజ్యాన్ని పట్టుకుని 'వద్దు' అన్న ఊళ్ళ మనవళ్ళకి 'కొంచెం మెల్లగా' అనడం రాదంటే నేను నమ్మను. నోరు ఉంది. ఎవరి ముందు, ఎవరితో కలిసి, ఏ ధరకి తెరవాలో లెక్క ఉంది.

ఆ లెక్క అందరికీ ఒకటి కాదు. మసాజ్ బల్ల మీంచి ఎక్కడికో దూకుతున్నాను అనుకోకండి. మన ప్రాంతంలో నోరు విప్పడానికి ఎంత ఖర్చయిందో చెప్పకుండా 'నోరు విప్పండి' అని ఉపన్యాసం ఇవ్వడం నావల్ల కాదు. కాకుమానుకి దక్షిణంగా పర్చూరు దాటితే కారంచేడు. 1985 జులైలో అక్కడ గొడవ మొదలైంది ఒక అవసరం చెప్పుకున్నందుకు: మేం తాగే చెరువు నీళ్ళని పాడుచెయ్యొద్దు. కొట్టడానికి వచ్చినవాళ్ళ మీద మున్నంగి సువార్త తన బిందె ఎత్తింది. మర్నాడు మాదిగపల్లె మీద పడి ఆరుగురిని చంపారు. తెనాలి దగ్గర చుండూరులో 1991లో, సినిమా హాల్లో ఒక దళిత కుర్రాడి కాలు అగ్రకులస్తుడికి తగిలిందన్న దగ్గర మొదలైన గొడవ సాంఘిక బహిష్కరణ దాకా వెళ్ళి, ఆగస్టు 6న ఎనిమిది మంది దళితుల హత్యతో ముగిసింది. 2007లో ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఒక కాలు ఇంకో ఒంటికి తగిలితే ప్రాణాలు పోయిన నేల ఇది. ఇక్కడ ఒకరి మౌనానికి సిగ్గు అని పేరు పెట్టేముందు ఎవరి మౌనమో చూసుకోవాలి. నేను నోరు విప్పకపోతే నాకు భుజం నొప్పి. వాళ్ళు నోరు విప్పితే వాళ్ళకి చావు. రెండూ ఒకే మౌనం కావు.

మన ఒళ్ళు పట్టిన చేతులు ఎప్పుడూ నోరు విప్పలేదా అంటే, విప్పాయి. 2018 జూన్‌లో ఆంధ్రప్రదేశ్ గుళ్ళలోని కేశఖండనశాలల్లో పనిచేసే క్షురకులు సమ్మె చేశారు. నెలకి 15,000 రూపాయల కనీస వేతనం అడిగారు. వెలగపూడి సచివాలయం దగ్గర అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబు నాయుడు వాళ్ళ మీద కోప్పడటం వీడియోల్లో రాష్ట్రమంతా చూసింది. గుండుకి ఇచ్చే రేటు 25 రూపాయలు చేస్తామన్నారు. వాళ్ళడిగింది నెల జీతం. ఇలాంటి ప్రతిచోటా మనం ముందుగా వినే మాట ఒకటుంది: "అడిగే పద్ధతి ఒకటుంటుంది." ఆ పద్ధతి ఏమిటో ఎవరూ చెప్పరు. ఎందుకంటే అలాంటి పద్ధతి లేదు. మెల్లగా అడిగితే వినబడదు, గట్టిగా అడిగితే పొగరు. వాళ్ళని కించపరిచే పేర్లతో పిలవకూడదని చెప్పడానికే 2022లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు ఇవ్వాల్సొచ్చిందంటే, మూడో భాష ఎంత దూరంలో ఉందో చూసుకోండి.

*

అందుకే 'స్పీక్ అప్' అని టీషర్టులు పంచే వర్క్‌షాపులంటే నాకు చిరాకు. మా ఆఫీసుల్లో ఏడాదికోసారి జరుగుతుంటాయి. ఒక ట్రైనర్ వచ్చి, ధైర్యంగా మాట్లాడండి, మీ అవసరాలు మీరే చెప్పుకోవాలి అని రెండు గంటలు చెప్పి, సమోసా తిని వెళ్ళిపోతారు. వినని మేనేజర్‌కి ఆ రోజు వేరే మీటింగ్ ఉంటుంది. సమస్య అంతా మాట్లాడనివాళ్ళ గొంతులో ఉందని, వినేవాళ్ళ చెవుల్లో ఏమీ లేదని ఈ వ్యాపారం నమ్మిస్తుంది. మాట్లాడటం ఖరీదైన చోట మాట్లాడమని సలహా ఇవ్వడం, డబ్బు లేనివాడికి ఖర్చుపెట్టమని చెప్పడం లాంటిది. ఎవరికి నోరు విప్పడం చవకో వాళ్ళే ముందు విప్పాలి. ఎవరి చేతిలో గరిటె ఉందో వాళ్ళే ముందు ఆపాలి.

అంటే ఏం చెయ్యాలి? అడిగేవాళ్ళ దగ్గర మొదలుపెడదాం. "ప్రెషర్ ఓకేనా?" అనేది చెడ్డ ప్రశ్న. దానికి 'కాదు' అంటే అవతలివాళ్ళ పనికి వంక పెట్టినట్టు వినిపిస్తుంది. "తగ్గించమంటారా, పెంచమంటారా, ఇలాగే ఉంచమంటారా?" అని అడిగి చూడండి. ఇందులో 'పర్లేదు' అతకదు. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మొదలుపెట్టకముందే "ఎక్కడ ముట్టుకోవద్దు? పాత దెబ్బలేమైనా ఉన్నాయా?" అని అడగాలి. డాక్టరు "నొప్పి ఉందా?" అనడం మాని "పదికి ఎంత?" అని అడగాలి. మేనేజర్ "అంతా ఓకేనా?" అనడం మాని "ఈ వారం ఏ పని తీసేస్తే నీకు ఊపిరాడుతుంది?" అని అడగాలి. మొగుడు "ఏమైంది?" అని అడిగి, "ఏం లేదు" అనగానే టీవీ వైపు తిరక్కుండా ఉండాలి. మంచి ప్రశ్నంటే 'వద్దు' అని చెప్పడానికి వీలు కల్పించే ప్రశ్న. సాఫ్ట్‌వేర్‌లో ఇది పెద్ద విశేషం కాదు. యూజర్ తప్పు బటన్ నొక్కితే యూజర్‌ని తిట్టం, స్క్రీన్ మారుస్తాం.

ఇక బల్ల మీద పడుకున్నవాళ్ళకి, అంటే మనకి. మన మౌనాన్ని వినయం అనుకోవడం మానేద్దాం. అవతలి మనిషికి తన పని సరిగ్గా చేసుకునే అవకాశం ఇవ్వకుండా, బయటికొచ్చి ఒక స్టార్ ఇవ్వడంలో వినయం ఎక్కడుంది? "అన్నా, ఎడమ భుజం దగ్గర తగ్గించండి, నొప్పిగా ఉంది" అంటే మర్యాదకి ఏ లోటూ రాలేదు. 'అన్నా' ఉంది, 'అండి' ఉంది. తెలుగులో ప్లీజ్‌కి సరైన మాట లేదని, 'దయచేసి' అంటే రైల్వే స్టేషన్ అనౌన్స్‌మెంట్‌లా ఉంటుందని మనమే నవ్వుకుంటాం. అక్కర్లేదు. ఆ 'అండి' చాలు. ఆజ్ఞకీ మౌనానికీ మధ్య మన భాష ఆ చిన్న చోటు ఎప్పుడో కట్టి ఉంచింది. మనమే వెళ్ళి కూర్చోలేదు.

అయితే ఒక షరతు. ఒత్తే మనిషి "ఈ నెప్పికి నేను చెయ్యనండి, డాక్టర్ దగ్గరికెళ్ళండి" అన్నా, "అక్కడ చెయ్యనండి" అన్నా, "చేతులు లాగుతున్నాయి, రెండు నిమిషాలు ఆగుతాను" అన్నా, మొహం చిట్లించకుండా వినాలి. అది వినలేనివాళ్ళకి తమ అవసరాలు చెప్పుకునే కళ వచ్చిందంటే, వచ్చింది తాతగారి ఆజ్ఞే తప్ప ఇంకేం కాదు.

పరీక్ష కోసం మసాజ్ సెంటర్ దాకా వెళ్ళక్కర్లేదు. ఈసారి మీ ఇంటికి ఎవరైనా భోజనానికి వస్తే, "చాలండీ" అన్న మొదటిసారికే గరిటె వెనక్కి తియ్యండి. వాళ్ళు నిజంగా మొహమాటానికే అని ఉంటే, కాసేపు ఆగి వాళ్ళే అడగాల్సొస్తుంది: "ఇంకొంచెం పప్పు వెయ్యండి." కాస్త ఇబ్బందిగా ఉంటుంది, ఇద్దరికీ. ఉండనివ్వండి.